గుర్లోవు వాళ్ళు ఉపవాసం తప్పించుకున్న కథ

తెలివి అంటే గుర్లోవు వాళ్ళదే. ఆ మాట ఎవరన్నారని అడక్కండి, గుర్లోవు వాళ్ళే అన్నారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. ఒప్పుకోవడానికి కూడా కాస్త తెలివి ఉండాలి కదా, అది లేదు పాపం అని గుర్లోవు వాళ్ళు వాళ్ళమీద జాలిపడ్డారు.

గుర్లోవు ఎక్కడో మంచు కురిసే దేశంలో ఒక చిన్న యూదుల ఊరు. ఒక బావి, ఒక ప్రార్థనాలయం, ఒక రబ్బీ. రబ్బీ అంటే వాళ్ళ గురువు, ధర్మసందేహాలు తీర్చే పెద్దాయన. రబ్బీ నఫ్తాలి దగ్గర ఒకసారి సందేహం తీర్చుకున్నవాడికి మళ్ళీ జన్మలో సందేహపడాలనిపించదు.

వాళ్ళ గ్రంథం పేరు తోరా. మన పుస్తకంలా కుట్టి ఉండదు. తోలు మీద చేత్తో రాసి, రెండు కర్రలకు చెరోవైపు నుంచి చుట్టి ఉంచుతారు. వారానికి కొంత చొప్పున చదివి ఏడాదికి పూర్తిచేస్తారు. పూర్తయిన రోజు పెద్ద పండుగ. ఆ రోజు మగవాళ్ళందరినీ ఒక్కొక్కరినే పేరుపెట్టి తోరా బల్ల దగ్గరికి పిలుస్తారు. పిలుపు రావడమే గౌరవం. ఎవరూ మిగిలిపోకూడదని చివరి భాగాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతారు. అది అయిపోగానే, అదే పూట, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతారు. అప్పుడు ఒక మనిషి ఆ చుట్టను రెండు కర్రలూ పట్టుకుని తలపైకి ఎత్తి, విప్పి, నాలుగువైపులా తిరిగి, అక్షరాలు అందరికీ కనబడేలా చూపిస్తాడు. గుర్లోవులో దాన్ని మించిన గౌరవం లేదు.

ఊరికి నీళ్ళు మోసే ఫిషెల్ ఇరవై రెండేళ్ళుగా ఆ గౌరవం మీదే ప్రాణం పెట్టుకున్నాడు. ఏటా ఎవరో ఒకరు అడ్డం వచ్చేవాళ్ళు. ఒక ఏడు మాంసం కొట్టువాడు, ఇంకో ఏడు వాడి తమ్ముడు, ఆ తర్వాత తమ్ముడి బావమరిది. "వచ్చే ఏడు చూద్దాంలే ఫిషెల్" అనేవాడు గెత్సెల్. ఎవరిని పిలవాలో చూసే పెద్దమనిషి ఆయనే. ఫిషెల్ వచ్చే ఏడు చూసేవాడు. ఎత్తేది మాత్రం ఇంకెవరో. ఫిషెల్ భార్య బ్రైనా ఆడవాళ్ళతో పాటు పై అంతస్తులో జాలీ వెనక కూర్చుని చూసేది. చూసి ఇంటికొచ్చి ఉల్లిపాయలు తరిగేది. కూరలోకి అక్కర్లేకపోయినా తరిగేది.

ఆ ఏడు మాంసం కొట్టువాడికి నడుం పట్టేసింది, తమ్ముడికి మెడ పట్టేసింది, బావమరిదికి ఏం పట్టిందో తెలీదు కానీ మంచం దిగలేదు. పండుగ పదిహేను రోజులుందనగా గెత్సెల్ ఫిషెల్ ఇంటికొచ్చి, "ఈసారి ఎత్తేది నువ్వేనోయ్" అన్నాడు.

ఇంకేముంది, బ్రైనా ఆ మాట సంతంతా చెప్పొచ్చింది. ఫిషెల్‌కి మాత్రం గుబులు పట్టుకుంది. వాళ్ళ రాత కుడి నుంచి ఎడమకి సాగుతుంది కాబట్టి, మొదటి నుంచి మొదలుపెడితే తోలంతా ఎడమ కర్రకే చుట్టి ఉంటుంది, కుడి కర్రకు ఒక్క చుట్టే. బరువంతా ఎడమచేతికే.

"ఏమయ్యా, రోజూ బకెట్లు మోసేవాడివి, అలవాటు చేసుకోలేవా?" అంది బ్రైనా.

ఫిషెల్ ఆలోచించాడు. మర్నాటి నుంచి ఎడమ బకెట్ నిండా నీళ్ళు, కుడి బకెట్ ఖాళీ. కొంతదూరం పోయేసరికి ఒకపక్కకి ఒరిగి కాలవలో పడ్డాడు. అందుకని కుడి బకెట్‌లో ఒక బండరాయి వేసుకున్నాడు. ఇప్పుడు చక్కగా నడిచాడు. బరువు రెండువైపులా సమానమైపోయిందని, ఇంక అలవాటయ్యేది ఏమీ లేదని ఆయనకి తట్టలేదు. ఇంటింటికీ ఒక బకెట్ నీళ్ళు, ఒక రాయి చేరేవి. ఎవరూ ఏమనలేదు. రెండు బకెట్లు రావాలి, రెండూ వచ్చాయి. రాయిని కూడా తొట్టిలో వేసుకున్నారు. పైగా ఈ మధ్య తొట్టి తొందరగా నిండుతోందని మెచ్చుకున్నారు.

ఇలా ఉండగా గెత్సెల్‌కి ఒక ఆలోచన వచ్చింది. గుర్లోవులో ఎవరికైనా ఆలోచన వచ్చిందంటే ఊరంతా జాగ్రత్తపడాలి.

"రబ్బీగారూ, ఫిషెల్ చేతిలోంచి తోరా పడిపోతే?" అన్నాడు.

అంతే, ఊరు ఊరంతా రబ్బీ ఇంట్లో చేరింది. తోరా కిందపడటం అంటే చిన్న విషయం కాదు. పడగా చూసినవాళ్ళు నలభై రోజులు పగటిపూట ఉపవాసం ఉండాలని వాళ్ళ ఆచారం. పండుగ తర్వాత చలికాలం. చలికాలంలో తిండి మానడమంటే ఎవరికైనా కష్టమే.

"బల్ల చుట్టూ దూది పరుపులు వేద్దాం" అన్నాడొకడు.

"పరుపు మీద పడితే మాత్రం పడినట్టు కాదా?"

"పైకప్పుకి తాడుతో కట్టేస్తే?"

"అప్పుడు ఎత్తింది పైకప్పు అవుతుంది. గౌరవం పైకప్పుకి పోతుంది."

ఫిషెల్ గుమ్మం దగ్గర టోపీ నలుపుతూ నిలబడ్డాడు. ఎవరో ఒకరు, ఈ గొడవంతా ఎందుకు, వేరేవాడిని పిలుద్దాం అంటారని ఆయన భయం. నోటిదాకా వచ్చిన కూడు జారిపోతుందేమోనని ఊపిరి బిగబట్టాడు.

రబ్బీ నఫ్తాలి గడ్డం నిమురుకున్నాడు. ఎడమవైపు కాసేపు, కుడివైపు కాసేపు. "ఆచారం ఏమంటోంది? చూసినవాళ్ళు ఉపవాసం ఉండాలంటోంది. చూడనివాళ్ళని ఏమైనా అంటోందా? అనటం లేదు. ఫిషెల్ ఎత్తేటప్పుడు అందరం కళ్ళు మూసుకుందాం. పడినా ఎవరూ చూడరు. చూడలేదు కాబట్టి ఉపవాసం లేదు."

ఇంత తెలివి ఒకే తలలో ఎలా పట్టిందా అని అందరూ ఆశ్చర్యపోయారు. "మరి ఫిషెల్ చూస్తాడు గదా?" అన్నాడు గెత్సెల్. "వాడూ మూసుకుంటాడు" అన్నాడు రబ్బీ. ఫిషెల్ ప్రాణం కుదుటపడింది.

పండుగ రోజు రానే వచ్చింది. ప్రార్థనాలయం కిటకిటలాడింది. గెత్సెల్ ఒక్కొక్కరినీ పిలిచాడు, చివరి భాగం మళ్ళీ మళ్ళీ చదివారు. వాళ్ళ ప్రవక్త మోషే చనిపోయే ఘట్టం అందులోనే ఉంది. అది వచ్చినప్పుడల్లా గుర్లోవు వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ముప్ఫై ఏడోసారి చదువుతుంటే వెనక వరసలో ఒకాయన "ఈసారైనా బతుకుతాడేమో" అని ముందుకి వంగాడు. బతకలేదు. ఆయన నిట్టూర్చి కూర్చున్నాడు.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. సృష్టి ఘట్టం చదివి ఆకాశాన్నీ భూమినీ పుట్టించారు. అది అయ్యాక గెత్సెల్ గొంతు సవరించుకుని, "ఫిషెల్ రావాలి, ఎత్తాలి" అని పిలిచి, వెంటనే "అందరూ కళ్ళు మూసుకోవాలి" అన్నాడు.

అందరూ మూసుకున్నారు. ఫిషెల్ మూసుకున్నాడు. తడుముకుని రెండు కర్రలూ పట్టుకున్నాడు, మోకాళ్ళు వంచాడు, ఎత్తాడు. బరువంతా ఎడమచేతి మీద పడింది, అయినా చెయ్యి నిలబడింది. నిటారుగా నిలబడి, తలపైన తోరా విప్పి నాలుగువైపులా తిరిగాడు. ఆ తిరగడంలో బల్ల ఎటువైపుందో మర్చిపోయాడు.



"అయిందా?" అన్నాడొకడు కాసేపటికి.

"తెలీదు, కళ్ళు మూసుకున్నా."

"పడిందా?"

"చప్పుడు రాలేదు. మెత్తగా పడిందేమో."

"రబ్బీగారూ, కళ్ళు ఎప్పుడు తెరవాలండీ?"

"బల్ల మీద పెట్టాక" అన్నాడు రబ్బీ.

"పెట్టాడో లేదో ఎలా తెలుస్తుంది?"

"ఎవరైనా చూసి చెప్పాలి."

ఎవరు చూస్తారు? చూసే క్షణానికే పడితే నలభై రోజులు. "అయ్యా, బల్ల ఎక్కడుంది?" అన్నాడు ఫిషెల్ సన్నగా. "ఇక్కడే" అన్నారు అన్ని మూలల నుంచీ. ఆయన భుజాలు మంటెక్కాయి. ఇరవై రెండేళ్ళ ఆశ ఇప్పుడు జారితే ఇంక తనని ఎవరూ పిలవరు. తోరా నేలపాలు చేసినవాడని పిల్లలకి వేలెత్తి చూపిస్తారు. అయినా కళ్ళు తెరవలేదు. తెరవనని మాటిచ్చాడు మరి.

అప్పుడు గెత్సెల్‌కి మళ్ళీ ఆలోచన వచ్చింది. "మన జుండెల్ తాతకి చూపు లేదు గదా. ఆయన కళ్ళు తెరిస్తే నష్టం ఏముంది? పడినా ఆయనకి కనబడదు."

"తెరువు తాతా" అని అందరూ బతిమాలారు.

జుండెల్ తాత కళ్ళు తెరిచాడు.

"ఏం కనబడుతోంది తాతా?"

"రోజూ కనబడేదే."

"తోరా పడటం కనబడిందా?"

"లేదు నాయనా, నాకేం కనబడలేదు."

"పడలేదట" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. జుండెల్ తాతకి ఆ ప్రార్థనాలయంలో ప్రతి బల్లా తడిమి తెలుసు. మెల్లిగా నడిచివెళ్ళి, ఫిషెల్ మోచెయ్యి పట్టుకుని, రెండడుగులు పక్కకి జరిపి, "ఇక దించు నాయనా" అన్నాడు. ఫిషెల్ దించాడు. తోరా పువ్వులా బల్లమీద వాలింది. ఫిషెల్ అక్కడే చతికిలబడ్డాడు.

అందరూ కళ్ళు తెరిచి ఒకరినొకరు కౌగిలించుకున్నారు. గెత్సెల్ మాత్రం నొసలు చిట్లించాడు. "ఎత్తడం దేనికి? అందరూ చూడ్డానికి. ఎవరూ చూడలేదే. చూడనిది ఎత్తినట్టేనా?"

ఫిషెల్ మొహం పాలిపోయింది. అందరూ రబ్బీ వైపు తిరిగారు. రబ్బీ గడ్డం మీద చెయ్యి వేశాడు.

"ఎత్తాడు. నేను చూశాను" అని పైనుంచి వినబడింది.

జాలీ వెనక బ్రైనా లేచి నిలబడింది. "కళ్ళు మూసుకోమన్నారు గదమ్మా?" అన్నాడు గెత్సెల్.

"ఇరవై రెండేళ్ళు ఎవరెవరో ఎత్తితే చూశాను. మా ఆయన ఎత్తిన రోజు మూసుకుంటానా? పడితే నలభై రోజులు పస్తుండేదాన్ని. ఉంటే ఉండేదాన్ని. ఎంత బాగా ఎత్తాడో మీకెవరికీ తెలీదు. అక్షరాలు దీపాల్లా కనబడ్డాయి."

ఫిషెల్ తల పైకెత్తి జాలీ వైపు చూశాడు. చెయ్యి ఆడలేదు గానీ, ఆడితే కళ్ళు తుడుచుకునేవాడే.

రబ్బీ నఫ్తాలి లేచాడు. "ఒకరు చూశారు కాబట్టి ఎత్తినట్టే. గౌరవం ఫిషెల్‌దే. కానీ ఒక ధర్మసందేహం మిగిలింది. తోరా పడటం చూసినవాళ్ళు నలభై రోజులు తినకూడదు. మరి పడకపోవడం చూసినవాళ్ళు?"

అందరూ ఆలోచనలో పడ్డారు.

"నలభై రోజులు తినాలి" అన్నాడు రబ్బీ. "బ్రైనా తినాలి. జుండెల్ కూడా కళ్ళు తెరిచే ఉన్నాడు, పడటం ఆయనకి కనబడలేదు, ఆయనా తినాలి."

"మరి చూడనివాళ్ళం మేమండీ?" అన్నాడు గెత్సెల్.

"చూడకుండా ఎలా తింటారు? తినాల్సింది చూసినవాళ్ళే."

అంతే, పండుగ మర్నాటి నుంచి ఏ ఇంట్లో పగలు వండినా గిన్నె బ్రైనా ఇంటికో జుండెల్ తాత ఇంటికో పోయేది. బ్రైనా వద్దని మొత్తుకుంది. అయినా పోయేది. మొగుడికి పెట్టబోయింది. "నేను చూడలేదు గదే" అని ఫిషెల్ మూతి తిప్పుకున్నాడు. జుండెల్ తాత మాత్రం తిన్నాడు. పదో రోజుకి గుర్లోవులో మగవాళ్ళ నడుం పట్టీలు రెండు రంధ్రాలు లోపలికి జరిగాయి. ఇరవయ్యో రోజుకి రబ్బీ గోడ పట్టుకుని నడిచాడు. ఉపవాసమా అని పొరుగూరివాళ్ళు అడిగితే, "ఛ, ఉపవాసమేం ఖర్మ, తినటం లేదంతే" అన్నారు.

నలభయ్యో రోజు సాయంత్రం ఊరంతా ఫిషెల్ ఇంటిముందు బారులు తీరింది. కళ్ళు లోపలికి పోయి, కాళ్ళు తడబడుతూ ఒక్కొక్కరే ఆయన చేతులు పట్టుకున్నారు.

"గట్టిగా పట్టుకుని మమ్మల్ని కాపాడావయ్యా ఫిషెల్" అన్నాడు గెత్సెల్ నీరసంగా. "అది గానీ పడి ఉంటే, ఈ నలభై రోజులూ మా గతేమయ్యేదో."