చూడని వంద అడుగులు

అనగనగా ఒక అడవిలో, రెండు కొండల మధ్య పొడుగ్గా ఒక బయలు ఉండేది. ఏటా చలికాలం మొదట్లో వలస బాతులు దిగేది అక్కడే. అవి మన ఊళ్లో తిరిగే బాతుల్లాంటివి కావు సుమా! ఒళ్లు బరువు. నేల మీద కాళ్లు ఆన్చాక కూడా చాలా దూరం పరుగెత్తితే గానీ ఆగలేవు. ఆ పరుగులో కాలు గుంటలో పడిందా, ఇక అంతే.

అందుకే ఏనుగు రాజు ఒక కట్టుబాటు పెట్టాడు. బాతులు వచ్చే రోజు పొద్దున్నే తనిఖీ అధికారి బయలంతా నడిచి చూడాలి. బాగుంటే మోదుగ విస్తరి మీద రాజముద్ర కొట్టి, బయలు మొదట్లో ఉన్న గుంజకు తగిలించాలి. అదే ఆ బయలుకు లైసెన్సు. పైనుంచి విస్తరి కనిపిస్తేనే బాతులు దిగుతాయి.

ఆ అధికారి గరుకమ్మ అనే ఉడుము. పొట్ట నేలకు రాసుకుంటూ నడుస్తుంది కాబట్టి, పైకి గట్టిగా కనిపించే నేల లోపల డొల్లగా ఉంటే ఆవిడకు ఇట్టే తెలిసిపోతుంది. బయలు పొడవు నాలుగు వందల అడుగులు. పదేళ్లుగా ఆవిడ ఒక్క అడుగు కూడా వదిలిపెట్టలేదు.

ఆ ఏడు మూడు వందల అడుగులు అయ్యేసరికి ఎండెక్కింది. బయలును చూసుకునే నెమలి సింగారయ్య ఎదురొచ్చాడు.

"అక్కా, వానల్లో పట్టి ఎండబెట్టిన ఉసిళ్లు వేయించాను. రా, చల్లారిపోతాయి" అన్నాడు.

"ఇంకో వందే కదయ్యా, చూసొస్తాను" అంది గరుకమ్మ.

"పదేళ్లుగా చూస్తున్నావు, ఒక్కసారైనా ఏమైనా దొరికిందా? నేను రోజూ అక్కడే పురివిప్పి ఆడతాను. నేల రాయిలా ఉంటుంది. నా మాట మీద నమ్మకం లేదా?"

గరుకమ్మ ఆ చివరి వైపు చూసింది. గడ్డి పచ్చగా, నున్నగా ఉంది. ఆకలి నకనకలాడుతోంది. "సరేలే" అంది. విస్తరి మీద ముద్ర కొట్టి గుంజకు తగిలించింది. ఉసిళ్లు కడుపునిండా తిని నీడన కునుకు తీసింది.

పొద్దు వాలేవేళ ఒక పందికొక్కు అటుగా పోతూ పలకరించింది. "గరుకమ్మా, మా కొత్త ఇల్లు చూశావా? మొన్నటి వానలకు పాతది మునిగిపోయింది. బయలు చివర గడ్డి కింద తవ్వుకున్నాం. కన్నాలు ఎంతదాకా పోయాయో మాకే లెక్క లేదు. పైకి చూస్తే ఎవరికీ తెలీదు!"

గరుకమ్మ చటుక్కున లేచి ఆకాశం వైపు చూసింది. అప్పటికే ఉత్తరాన బాతుల బారు కనిపిస్తోంది. ఆవిడ గుంజ వైపు పరుగు తీసింది. సింగారయ్య అడ్డం వచ్చాడు.

"ఎక్కడికి?"

"విస్తరి తీసెయ్యాలి. చివర నేల డొల్ల!"

"మతి పోయిందా అక్కా? ఎందుకు తీశావని రాజుగారు అడగరూ? చూడకుండా ముద్ర కొట్టానని చెబుతావా? నీ కొలువు పోతుంది, నా బయలు పోతుంది. ఇన్ని బాతుల్లో ఒకటో అరో అంతదూరం వస్తుందేమో. వస్తే చూద్దాం."

గరుకమ్మ కాళ్లు ఒక్క క్షణం ఆగిపోయాయి. కొలువంటే ఆవిడకు ప్రాణం. సింగారయ్య చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ పైన బారుకు ముందున్న ముసలి బాతు రెక్కలు వాల్చి కిందికి వస్తోంది. దాని వెనకే పిల్లలు.

ఆవిడ గుంజ ఎగబాకి విస్తరిని నోట కరిచింది. సింగారయ్య ఆవిడ తోక పట్టి లాగాడు. ఉడుంపట్టు విడిపించడం ఎవరి తరం? విస్తరి పర్రున చిరిగి కిందపడింది.

"లేవండి! లేవండి! విస్తరి లేదు!" అని ముసలి బాతు అరిచింది. బారంతా మళ్లీ పైకి లేచింది. ఇంకో బయలుకు పోయే ఓపిక వాటికి లేదు. అక్కడే చుట్లు తిరగసాగాయి.

గరుకమ్మ ఆ చివరి వంద అడుగులు నడవడం మొదలుపెట్టింది. పరుగెత్తితే పొట్టకు నేల తెలియదు. బాతులు ఒక చుట్టు తిరిగాయి. ముప్ఫై అడుగులు, నేల గట్టిదే. రెండో చుట్టు. అరవై, గట్టిదే. మూడో చుట్టులో ఒక పడుచు బాతు రెక్కలాడించలేక తుమ్మల్లోకి రాలిపోయింది. గరుకమ్మకు ఏడుపొచ్చింది. అయినా తొందరపడలేదు. డెబ్భయ్యో అడుగులో పొట్టకింద నేల కుంగింది.

వెనకే వచ్చిన పందికొక్కు ముళ్లకంప ఈడ్చుకొచ్చి అక్కడికి పదడుగుల ముందే అడ్డం వేసింది. "కంప దాటకండి!" అని పైకి అరుస్తూ గరుకమ్మ వెనక్కి ఉరికి, కొత్త విస్తరికి ముద్ర కొట్టి తగిలించింది. బాతులు ఒక్కొక్కటే దిగాయి. ఆఖరున దిగిన ముసలి బాతు కంపకు జానెడు దూరంలో ఆగింది.

రాజు వచ్చాడు. గరుకమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. రాజు సింగారయ్యను బయలు నుంచి తప్పించి, గరుకమ్మ చేతిలోని ముద్ర తీసుకున్నాడు.

"మహారాజా, ఆవిడ విస్తరి పీకకపోతే మేం దక్కేవాళ్లం కాదు" అంది ముసలి బాతు.

"పొద్దున్నే చూసి ఉంటే పీకే పనే ఉండేది కాదు కదమ్మా" అన్నాడు రాజు.

గరుకమ్మ తుమ్మల్లోకి వెళ్లింది. పడుచు బాతు రెక్క విరిగి ముళ్ల మధ్య పడి ఉంది.

"అమ్మా, విస్తరి కనబడగానే హమ్మయ్య, వచ్చేశాం అనుకున్నాను. మళ్లీ ఎందుకు తీసేశారు?" అని అడిగింది.

"చూడకుండా పెట్టాను తల్లీ" అంది గరుకమ్మ.

నీతి: కళ్లారా చూడకుండా వేసిన ముద్ర, దాన్ని నమ్మి వచ్చినవాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. పొరపాటు తెలిసిన క్షణమే దిద్దుకుంటే కొందరైనా దక్కుతారు.