కొన్న ధర

ఆదోనిలో లెక్కల లెక్చరరు సుధీంద్రకు మూడు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు. కూతురి ఇంజినీరింగ్ ఫీజుకని దాచిన డబ్బుతో ఒక కంపెనీ షేర్లు కొన్నాడు. ధర పడింది. పడినకొద్దీ ఇంకొన్ని కొన్నాడు. ఇప్పుడు ఇంటి స్థలం తాకట్టు పెట్టి మళ్ళీ కొనాలని చూస్తున్నాడు. భార్య మైథిలికి ఈ సంగతేదీ తెలియదు.

కాలేజీకి సెలవు పెట్టి, ఊరి బయట ఉండే సూఫీ గురువు ఖలందర్ స్వామి దగ్గరికి వెళ్ళాడు. పదేళ్ళుగా ఆయన శిష్యుడు. జరిగిందంతా చెప్పుకుని, చివర ఒక్కటే కోరాడు.

“నేను కొన్న ధరకు వస్తే చాలు స్వామీ, అమ్మేస్తాను. దీవించండి.”

ఆయన దీవించలేదు. తిట్టనూ లేదు. పక్క ఊళ్ళో జబ్బుపడిన ముసలి శిష్యుణ్ణి చూడటానికి పోతున్నానని, తోడు రమ్మని అన్నాడు.

పత్తి చేల మధ్య బండిబాట. ఒకచోట అది రెండుగా చీలితే గురువు ఎడమవైపు తిరిగాడు. గంటసేపు నడిచాక ఒక గొర్రెల కాపరి ఎదురయ్యాడు. ఈ బాట రాళ్ళ క్వారీ దగ్గరే ఆగిపోతుందని, ఆ ఊరికైతే చీలిక దగ్గర కుడివైపు పోవాల్సిందని చెప్పాడు.

“పొరపాటు నాదే,” అని గురువు అక్కడికక్కడే వెనక్కి తిరిగాడు.

సుధీంద్ర కదల్లేదు. గురువు డెబ్బై దాటిన మనిషి, దుమ్ము కొట్టుకుపోయిన ఆయన పాదాలు చూస్తే జాలేసింది. నడిచిందంతా వృథా అవుతుందని, ఇంకాస్త ముందుకు పోతే ఏదో ఒక అడ్డదారి కలవకపోదని నచ్చజెప్పబోయాడు.

“ఇంత దూరం వచ్చాం కదా స్వామీ.”

గురువు దగ్గరికొచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“ఎంత దూరం వచ్చామో మన కాళ్ళకు తెలుసు నాయనా. దారికి తెలియదు.”

చీలిక దాకా వెనక్కి నడిచి కుడివైపు బాట పట్టారు. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి ఆ ఊరు చేరారు. గురువు లోపలికి వెళ్ళి జబ్బు మనిషి మంచం పక్కన కూర్చున్నాడు. సుధీంద్ర వాకిట్లోనే నిలబడిపోయాడు. ఫోను తీశాడు. వేలు రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి నొక్కాడు.

చాలాసేపటికి గురువు బయటికొచ్చాడు.

“అమ్మేశాను స్వామీ. సగానికి పైగా పోయింది,” అన్నాడు సుధీంద్ర.

గురువు అరుగు మీద కూర్చుని, అతన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ ఇంటివాళ్ళు ఇచ్చిన మజ్జిగ అతను పూర్తిగా తాగేదాకా ఆగాడు.

“ఇంట్లో చెప్పావా?”

సుధీంద్ర తల అడ్డంగా ఊపాడు.

“మైథిలమ్మకు ఫోను చెయ్యి,” అన్నాడు గురువు. “నేను ఇక్కడే ఉంటాను.”