మేకున్న గోడ

ఇందులో ఏది ముందు, ఏది వెనక అన్నది నేను కాస్త తారుమారు చేసి ఉండవచ్చు. పైపు పగలడం మాత్రం అన్నిటికన్నా ముందు. బిల్లు రావడం ఇరవై నెలల తరవాత. ఈ రెండిటికీ నాది పూచీ. మధ్యలోవి చదివేవారు సర్దుకోవాలి.

చీరాలలో యల్లమందదాసుగారని ఒక గురువుగారు ఉండేవారు. వయసులో ఉండగా సున్నపు పని చేసి, గానుగ సున్నంతో ఎన్నో ఇళ్ళ గోడలు అద్దంలా తేల్చిన మనిషి. చేతులు వణకడం మొదలయ్యాక తాపీ పక్కనపెట్టి తన వసారాలో తత్త్వం చెబుతూ కూర్చున్నారు. ఆయనకొక అలవాటు. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాం పద" అని లేచేవారు. ఆ చూడటం ఒకసారి పెరట్లో బావిదాకా, ఒకసారి సంతదాకా వెళ్ళేది. శిష్యులకు కాళ్ళు లాగేవిగాని, అడిగిన ప్రశ్న మళ్ళీ అడగవలసిన పని ఉండేది కాదు.

ఒకనాటి ఉదయం సీతారావమ్మ ఆ వసారా మెట్లెక్కుతూనే, చెప్పులన్నా విప్పకుండా అడిగింది.

"మనిషి మతిమరుపును పెట్టుబడిగా పెట్టుకుని బతికేవాడి మీద కోపం రావడం తప్పా గురువుగారూ? కోపం వదలమని ఇన్నేళ్ళుగా చెబుతున్నారు. ఇది మాత్రం నేను వదలను."

"ముందు చెప్పులు వదులు" అన్నారాయన.

సీతారావమ్మ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసింది. బట్టల కొట్లవి, పొగాకు వ్యాపారులవి, డాక్టర్లవి, ఊళ్ళో ప్రతి నంబరూ ఆమె నోట్లో ఉండేది. పుస్తకం తెరిచి చూడటం ఆమెకు నామోషీ. ఇప్పుడు డెబ్భై నాలుగు నిండాయి. పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి మాడిన వాసన వచ్చాకగాని గుర్తుకు రావడం లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. మరొకరు గుర్తు చేస్తే మాత్రం పడదు.

జరిగింది ఇది. ఇరవై నెలల కిందట ఆమె బంధువుల పెళ్ళికని ఒంగోలు వెళ్ళి మూడు రోజులు ఉండిపోయింది. ఇక్కడ డాబా మీది ట్యాంకు పైపు పగిలి, ఆ మూడు రోజులూ నీళ్ళు వంటింట్లోకి దిగుతూనే ఉన్నాయి. తిరిగొచ్చి తాళం తీసేసరికి గోడ పెచ్చులు పెచ్చులుగా ఊడి నేలంతా పరుచుకుంది. డబ్బాలో పెసలు మొలకలెత్తాయి. ఎవరో చెబితే ఆదిశేషు అనే కాంట్రాక్టరును పిలిచింది. అతను మనుషుల్ని పెట్టి వారంలో పని ముగించాడు, పైన వెల్ల కూడా వేయించాడు. బిల్లు అడిగితే, "పంపిస్తాలెండి అమ్మగారూ, మీ డబ్బెక్కడికి పోతుంది" అన్నాడు. నెల నెలా ఆమే ఫోను చేసి అడిగింది. నెల నెలా అదే మాట. చివరికి ఆమె అడగడం మానేసిన చాలా నాళ్ళకు బిల్లు వచ్చింది. వంటింటి నాలుగు గోడలూ చెక్కించి, కొత్తగా సిమెంటు పూయించినట్టు అందులో ఉంది.

"ఒక్క గోడ!" అని ఆమె ఇల్లెగిరిపోయేలా అరిచింది. ఆ అరుపు విన్నది ఆమె అన్న కొడుకు శ్రీహరి. అతను తిట్టినా బాగుండేది, నెమ్మదిగా మాట్లాడాడు.

"మరచిపోయి ఉంటావు అత్తయ్యా. పోయిన నెల కరెంటు బిల్లు రెండుసార్లు కట్టావు. ఈ బిల్లు నిజమే అయితే ఇక చెక్కుబుక్కు నాకిచ్చెయ్యి. వ్యవహారాలన్నీ నేను చూసుకుంటాను. నువ్వు నిశ్చింతగా కూర్చో."

ఆమె లేచి దేవుడి పటం మీద చెయ్యి పెట్టింది. "ఒక్క గోడే. అంతకు మించి తేలితే చెక్కుబుక్కేం ఖర్మ, తాళాలు కూడా నువ్వే ఉంచుకో."

ఒట్టయితే పెట్టుకుంది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఒకవేళ నిజంగానే నాలుగు గోడలైతే? కళ్ళెదుట జరిగిన వారం రోజుల పని బుర్రలోంచి జారిపోయి ఉంటే, రేపు తన పేరు జారిపోదని ఏమిటి? తెల్లవారేసరికి ఆ భయమంతా తిరిగి కోపమై కూర్చుంది.

గురువుగారు అంతా విన్నారు. "చూద్దాం పద. ఆ నాయన్ని కూడా రమ్మను" అన్నారు.

ఆదిశేషు మోటారు సైకిలు దిగి, బిల్లును ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని నవ్వుతూ వంటింట్లోకి వచ్చాడు. గురువుగారు పీట వేయించుకుని గుమ్మంలో కూర్చున్నారు.

"ఇంత ఆలస్యమెందుకైంది నాయనా?"

"పెద్దావిడ కదా స్వామీ. ఒంటరిగా ఉంటారు. వెంటపడి ఇబ్బంది పెట్టడమెందుకని ఆగాను."

"నువ్వాగింది నా కోసం కాదు ఆదిశేషూ" అంది సీతారావమ్మ. "నాకు మతి పోవడం కోసం ఆగావు. మామిడికాయకు తొడిమ ఎప్పుడు ఊడుతుందా అని తోటలో మంచమేసుకున్నట్టు కాచుకుని కూర్చున్నావు!"

"అంతేసి మాటలెందుకు అమ్మగారూ. మీ అన్నగారబ్బాయి కూడా అన్నారు, ఈ మధ్య మీకు జ్ఞాపకం కాస్త..."

"ఎవరికి? ఎవరికయ్యా జ్ఞాపకం లేనిది?"

ఆమె చేతిలో అట్లకాడ ఉంది. గురువుగారు దాన్ని మెల్లగా తీసుకుని గట్టు మీద పెట్టారు.

"ఎన్ని గోడలు?" అని అడిగారు.

"నాలుగు స్వామీ" అన్నాడు ఆదిశేషు.

"ఒకటి" అంది సీతారావమ్మ.

"మంచిది. మీ ఇద్దరికీ జ్ఞాపకం ఉంది. మరి గోడల్నే అడుగుదాం. అమ్మా, ఒక బకెట్టు నీళ్ళూ, వెల్లవేసే కుంచే తెప్పించు."

ఆయన కుంచెను ఆదిశేషు చేతికే ఇచ్చారు. "నీ పని నువ్వే తడిపితే ఎవరికీ అనుమానం ఉండదు. కింది నుంచి పైదాకా, నాలుగూ తడుపు."

ఆదిశేషు ముఖంలో నవ్వు అక్కడ కాస్త తగ్గింది. కాంట్రాక్టరు కదా, సంగతి అర్థమైంది. పాత సున్నపు గోడ నీళ్ళు తాగుతుంది, తాగి చాలాసేపు నల్లగా ఉంటుంది. సిమెంటు అంతగా తాగదు, జార్చేస్తుంది, తొందరగా తెల్లబడుతుంది. పైన ఎంత వెల్ల వేసినా ఆ తేడా దాగదు. అయినా కుంచె చేతిలో ఉంది, పెద్దాయన చూస్తున్నారు. చేసేదేముంది, తడిపాడు. చొక్కా కూడా తడిసింది.

ముగ్గురూ కూర్చున్నారు. గోడలు ఆరడం కోసం చూశారు.

ముందు పైపు కింది గోడ తెల్లబడటం మొదలైంది. "అదుగో, అదే, అదొక్కటే!" అంది సీతారావమ్మ. గుమ్మం ఉన్న గోడ నల్లగానే ఉంది. కిటికీ గోడ అంతకన్నా నల్లగా ఉంది. గురువుగారు ఆ రెండిటి వైపూ చెయ్యి చూపి, "ఈ గోడల సంగతి మరచిపోయింది ఆవిడా, నువ్వా?" అని అడిగారు. ఆదిశేషు కవరులోని బిల్లును అటు తిప్పీ ఇటు తిప్పీ, రాసిన కుర్రవాడు పొరపాటు పడి ఉంటాడన్నాడు.

"పొరపాటా? ఇరవై నెలలు పొదిగి పొదిగి ఇప్పుడు పొరపాటంటావా?" అని సీతారావమ్మ లేచింది. ఇంకా ఏమేమో అనబోయింది. అంతలో ఆమె చూపు గట్టు వెనక గోడ మీద ఆగిపోయింది.

ఆ గోడ కూడా తెల్లబడుతోంది. అంతా కాదు, నడుమెత్తు నుంచి పైకి, మంచం దుప్పటంత మేర. ఆ తెలుపు మధ్యలో ఒక మేకు, దానికి వేలాడుతూ చేట.

ఆ మేకును చూడగానే తన గొంతే తనకు వినిపించింది. "ఆ మేకు పీకకయ్యా, చుట్టూ పూసెయ్. చేట తగిలించుకోవాలి." ఆ రోజు తను పనివాళ్ళకు టీ పెడుతోంది. పొయ్యి గట్టు మీదే ఉంది. సిమెంటు చింది పంచదారలో కూడా పడింది. అన్నీ గుర్తొచ్చాయి. ఇరవై నెలలుగా రోజూ ఆ మేకుకే చేట తగిలిస్తూ, రోజూ ఆ మేకు నుంచే తీస్తూ ఉంది.

"చూశారా అమ్మగారూ!" అన్నాడు ఆదిశేషు ఊపిరి పీల్చుకుని. "ఒకటి కాదుగా!"

సీతారావమ్మ ఒట్టు పెట్టిన చెయ్యిని చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంది. తరవాత లోపలికి వెళ్ళి చెక్కుబుక్కు తెచ్చి, రెండు గోడలకు ఎంతవుతుందో అతని చేతనే వేయించి, అంతకూ రాసి సంతకం పెట్టింది. ఇరవై నెలల్లో సిమెంటు ధర పెరిగిందని అతను గొణిగితే, "పెరిగేదాకా ఎవరాగమన్నారు?" అంది. ఆదిశేషు చెక్కు పట్టుకుని, తడి చొక్కాతో, వచ్చినప్పటి నవ్వు లేకుండా వెళ్ళిపోయాడు.

అతను వీధి మలుపు తిరగకముందే ఆమె శ్రీహరికి ఫోను చేసింది.

"నాలుగన్నాడు, రెండే తేలాయి. నేను ఒకటన్నాను, రెండు తేలాయి. ఒక గోడ మరచిపోయాను నాయనా, ఒప్పుకుంటున్నాను. ఒట్టు తప్పాను. తాళాలు కావాలంటే వచ్చి తీసుకో. కానీ లేని గోడలకు డబ్బు ఇవ్వలేదు. నువ్వయితే నాలుగింటికీ ఇచ్చేసేవాడివి."

"తాళాలూ వద్దు, చెక్కుబుక్కూ వద్దు. నీ దగ్గరే ఉండనీ అత్తయ్యా" అన్నాడు శ్రీహరి.

ఆమె ఫోను పెట్టేసి వచ్చి గురువుగారి ఎదుట నేల మీద కూర్చుంది. గోడలింకా పూర్తిగా ఆరలేదు.

"నా తప్పు నాకు తెలిసింది. అయినా వాడి మీద కోపం పోవడం లేదు గురువుగారూ. ఇప్పుడైనా వదిలెయ్యమంటారా?"

యల్లమందదాసుగారు పీట మీంచి లేచి, మేకుకున్న చేటను ఒకసారి సవరించారు.

"వదలమని నేనెక్కడన్నానమ్మా? కోపపడు. ఎన్ని గోడలకో చూసుకుని పడు."

శ్రీహరీ, మీ అత్తయ్య రాసిన ఇందులో పేర్లన్నీ ఒకసారి సరిచూడు నాయనా. కాంట్రాక్టరు పేరు మాత్రం చూడక్కర్లేదు.