మూడో చుక్క

పైడిరాజు ఆ పొద్దున కంప్యూటర్ తెరవగానే లబోదిబోమన్నాడు. తన కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసే టెస్టులు, నిన్నటిదాకా పచ్చగా ఉన్నవి, బోలెడన్ని ఎర్రబడి కూర్చున్నాయి. తను ఒక్క అక్షరం ముట్టుకోలేదు. మారింది భాష.

భాషంటే మనం మాట్లాడుకునేది కాదు లెండి, కంప్యూటర్ చేత పని చేయించుకునే భాష. దానికి కొత్త వెర్షన్ వచ్చింది. వస్తూ వస్తూ ఒక పాత అలవాటు మార్చుకుంది. మునుపు రెండున్నరని రౌండ్ చేసి పూర్తి సంఖ్య చెప్పమంటే మూడు అనేది, ఇప్పుడు రెండు అంటోంది. మూడున్నర ఇస్తే మాత్రం మునుపటిలాగే నాలుగంటోంది. సగం వస్తే సరిసంఖ్య వైపు మొగ్గుతుందట. దాని ఇష్టం, అడిగేదెవరు?

పైడిరాజు భీమిలిలో వకుళమ్మగారి దగ్గర ఉండి పని నేర్చుకుంటున్నాడు. ఆవిడ జీవితమంతా కోడ్ రాసి, రాసినదంతా లోకానికి ఊరికే ఇచ్చేసిన మనిషి. సముద్రం కనబడే ఆ ఇంట్లో ఫీజూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. వండుకోవాలి, రాయాలి, రాసింది ఆవిడకి చూపించాలి. ఆవిడ "పంపు" అంటేనే అది గడప దాటుతుంది.

ఆవిడ రాసిన లైబ్రరీల్లో పిల్లల మందులది ఒకటి. ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాలు కావు, నలుగురూ తమ ప్రోగ్రాముల్లో పెట్టుకోవడానికి సిద్ధంగా రాసిపెట్టిన కోడ్. బిడ్డ బరువు చెబితే మందు ఎంత పట్టాలో చెబుతుంది. ఎన్నో ఆసుపత్రుల్లో నర్సుల ఫోన్లలో అదే ఉంది. ఇన్నాళ్ళూ అందులో సిరప్పులే ఉండేవి. పసికందులకి వేసే చుక్కల మందులు పైడిరాజు కొత్తగా చేర్చాడు. ఆ భాగం ఈ సాయంత్రమే మొదటిసారి బయటికి వెళ్ళాలి. రేపు పొద్దున ఆసుపత్రులన్నీ భాష కొత్త వెర్షన్‌కి మారుతున్నాయి.

పాపం, ఎన్నాళ్ళ కల! తన చేతి పని పసిపిల్లల దాకా వెళుతుందంటే అతనికి ఒళ్ళంతా పులకరింత. అలాంటిది ఇవాళే ఈ గోలేమిటని కాసేపు జుట్టు పీక్కుని, ఆనక పట్టుదలగా కూర్చున్నాడు. కాఫీ కూడా తాగలేదు.

టెస్టంటే ఒక ప్రశ్న, పక్కనే రావలసిన జవాబు. జవాబు కలిస్తే పచ్చ, కలవకపోతే ఎరుపు. ఎర్రబడ్డవన్నీ సగం దగ్గరే తేడా వస్తున్నాయని కనిపెట్టేసరికి పైడిరాజు కుర్చీలోంచి గంతేశాడు. ఇంకేం, భాష రెండంటోంది కాబట్టి, టెస్టులో మూడు ఉన్నచోట రెండు రాసుకుంటూ పోయాడు. రాసినకొద్దీ ఒక్కొక్కటే పచ్చబడుతుంటే ఈలలు వేశాడు. భోజనాల వేళకి ఒక్క ఎరుపు లేదు.

ఒక్క ఉదుటున వరండాలోకి పరిగెత్తి, భాష తనని ఎలా బోల్తా కొట్టించబోయిందో, తను దాన్ని ఎలా పట్టేశాడో ఏకరువు పెట్టాడు. వకుళమ్మగారు ఊఁ కొడుతూ అంతా విన్నారు. లోపలికెళ్ళి ఒక చెంచా, డ్రాపర్ ఉన్న చిన్న సీసా తెచ్చి అతని చేతిలో పెట్టారు. సీసాలో ఉన్నవి మంచినీళ్ళే.

"రెండున్నర చుక్కలు వెయ్యి," అన్నారు.

అదెంత పని అనుకున్నాడు పైడిరాజు. ఒక చుక్క పడింది. రెండోదీ పడింది. మూడోది డ్రాపర్ మొన దగ్గర ఉబ్బి, వేలాడుతూ నిలిచింది. సగం చుక్క ఎక్కణ్ణించి వస్తుంది? ఎదురుగా ఉన్నది చెంచా కాదు, నోరు తెరిచిన పసిబిడ్డ అనిపించింది.

"మూడోది వెయ్యనా అమ్మా, ఆపెయ్యనా?"

"నన్నడుగుతావేం? ఇన్నాళ్ళూ ఎవర్నడిగావు?"

నిజమే, ఎవర్నడిగాడు? టెస్టుల్లో మొదట మూడు అని రాసింది తనే. అప్పుడు కూడా కోడ్‌ని ఒకసారి నడిపి, అది ఏం చెబితే అదే జవాబుగా దించేసుకున్నాడు. ఇవాళా అదే చేశాడు. తనకి పరీక్ష పెట్టినవాడూ, జవాబు చెప్పినవాడూ ఒక్కడే.

ఆ ఆలోచనలో వేళ్ళు బిగిశాయి. మూడో చుక్క పడిపోయింది.

సీసా బల్ల మీద పెట్టి పరుగో పరుగు. మందుల వివరాలిచ్చిన పిల్లల డాక్టరు మెహరున్నీసాగారికి ఫోన్ చేశాడు. ఆవిడ తడుముకోలేదు. ఈ చుక్కల మందుల్లో సగం వస్తే ఎప్పుడూ కిందికే, ఒక్క చుక్క కూడా ఎక్కువ పడకూడదు అన్నారు. ఈ మాట ఎప్పుడడుగుతావా అని చూస్తున్నానయ్యా, అని కూడా అన్నారు.

అయితే మూడున్నరకి మూడే! పైడిరాజు గబగబా మూడున్నర టెస్టు తెరిచాడు. నాలుగు అని రాసిన ఆ టెస్టు పాత వెర్షన్‌లో పచ్చ, కొత్త వెర్షన్‌లో పచ్చ. ఎర్రబడ్డవాటి వెంటపడి పొద్దంతా తిరిగాడు గానీ, పచ్చగా నవ్వుతూ కూర్చున్నదాన్ని ఒక్కసారీ చూడలేదు.

ఇక చూడాలి అతని ఊపు. టెస్టుల్లో జవాబులన్నీ కొట్టేసి, డాక్టరమ్మ చేత ఫోన్‌లోనే ఒక్కొక్కటీ చెప్పించుకుని రాశాడు. కోడ్‌లో రౌండ్ చెయ్యమని భాషని బతిమాలుకునే చోట్లన్నీ తీసేసి, సగం వస్తే కిందికి అనే నియమం తనే ఒక్కచోట స్పష్టంగా రాసుకున్నాడు. కొత్త వెర్షన్‌లో నడిపాడు. పాతది వెతికి తెచ్చి అందులోనూ నడిపాడు. రెండింట్లో ఒకటే జవాబు. ఆనందం పట్టలేక బల్ల మీద దరువు వేశాడు.

ఎండ తగ్గే వేళకి మళ్ళీ వరండాలోకి వచ్చాడు. ఈసారి ఏమీ ఏకరువు పెట్టలేదు. కోడ్ ఆవిడ ముందు పెట్టి నిలబడ్డాడు. చెంచా, సీసా ఇంకా అక్కడే ఉన్నాయి.

వకుళమ్మగారు చివరిదాకా చదివి కళ్ళద్దాలు తీశారు.

"వచ్చే ఏడు భాష మళ్ళీ మారితేనో?"

పైడిరాజు చెంచాలో నీళ్ళు పారబోసి, డ్రాపర్ తీసుకున్నాడు. ఒకటి వేశాడు. రెండు వేశాడు. మూడోది మొన దగ్గర ఉబ్బుతుండగానే డ్రాపర్‌ని నిటారుగా పైకి తిప్పేశాడు. చుక్క వెనక్కి జారి లోపలికి వెళ్ళిపోయింది. "అది ఎటు మొగ్గినా ఇక్కడ రెండే అమ్మా," అన్నాడు.

"పంపు," అన్నారు వకుళమ్మగారు.