ఎల్లాజీ అనౌన్స్‌మెంటు

“అనౌన్స్‌మెంటు! అనౌన్స్‌మెంటు! గురయ్య పడవ మునిగిపోయిందహో! ముగ్గురూ పోయారహో!”

వీధి చివర నుంచి ఆ కేక వినబడగానే గవ్వలపేటలో ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోయారు. ఒకావిడ చేతిలోంచి బిందె జారి దొర్లుకుంటూ పోయింది. దాన్ని ఎత్తేవాళ్ళు లేరు. క్షణం తర్వాత అందరూ ఒక్కసారిగా గొల్లుమని సముద్రం వైపు పరిగెత్తారు.

ఆ కేక వేసినవాడు ఎల్లాజీ. ఊళ్ళో ఏ కబురైనా అందరికంటే ముందు తన నోటి నుంచే రావాలని పిచ్చి పట్టినవాడు. సైకిల్ వెనక బ్యాటరీ, ముందు మైకు గొట్టం కట్టుకుని వీధివీధీ తిరుగుతుండేవాడు. వాళ్ళ తాత చేసినప్పుడు ఆ పనిని టముకు వేయడం అనేవారట. తండ్రి చేసినప్పుడు చాటింపు అన్నారు. పంచాయతీవాళ్ళు కాగితం మీద ప్రకటన అని రాసేవారు. ఎల్లాజీకి ఇవేవీ నచ్చేవి కావు.

“చాటింపేంటి మామా, మోటుగా! అనౌన్స్‌మెంటు అనాలి” అని పెద్దవాళ్ళను కూడా దిద్దేవాడు. “దండోరావాడు వచ్చాడే” అని ఎవరైనా అన్నారా, అలిగి ఆ వీధి మొహం చూసేవాడు కాదు. మాట వరకూ మంచి మాటే లెండి. నోరారా అంటుంటే నాకూ సరదాగానే ఉంటుంది. చిక్కంతా ఆ మాట వెనక వచ్చే కబురుతోనే.

ఒకసారి ఊరి బయట లారీ కనబడిందో లేదో, బియ్యం లారీ వచ్చిందని అనౌన్స్ చేసేశాడు. ఆడవాళ్ళంతా సంచులు పట్టుకుని పరిగెత్తారు. తీరా చూస్తే లారీ నిండా సున్నం.

“ఏరా ఎల్లాజీ, ఈ పూటకి సున్నం వండుకోమంటావేటి?” అని నవ్వి ఊరుకున్నారు. ఎల్లాజీ కూడా వాళ్ళతో కలిసి నవ్వేశాడు. అంతటితో సరిపోయిందనుకున్నాడు.

ఇక ఆ రోజు సంగతి వినండి. పొద్దుట వేటకు వెళ్ళిన పడవలన్నీ మధ్యాహ్నానికే తిరిగొచ్చేశాయి. ఆకాశం నల్లబడింది, గాలి ఈలలు వేస్తోంది. గురయ్య పడవ మాత్రం రాలేదు. దాంట్లో గురయ్య, అతని బావమరుదులు ఇద్దరూ ఉన్నారు.

గవ్వలపేటలో ఒక ఆచారం ఉండేది. మబ్బు కమ్మిన రోజు ఏ పడవైనా రాకపోతే ఒడ్డున ఇసుకదిబ్బ మీద నెగడు వేసేవారు. ఇంటికో కట్టె తెచ్చి అందులో వేయాలి. పడవ వచ్చేదాకా ఆ మంట ఆరకూడదు. ఊళ్ళో ఎవరూ అన్నం ముట్టకూడదు. ఎందుకంటే సముద్రం మీంచి వచ్చేవాళ్ళకు ఆ ఒడ్డు కుడివైపంతా కత్తుల్లాంటి రాళ్ళు. చీకట్లో నెగడుకు సూటిగా వస్తేనే పడవ ఇసుక మీదికి చేరుతుంది. అటూ ఇటూ జరిగిందా, రాళ్ళమీద పడి ముక్కలైపోతుంది. పడవ మునిగిందన్న కబురు తెలిస్తే మాత్రం నెగడు మీద కడవలతో సముద్రపు నీళ్ళు పోసి ఆర్పేసేవారు. ఇక ఎదురుచూడటానికి ఎవరూ లేరని దాని అర్థం.

గురయ్య తల్లి కాసులమ్మ ఆ నెగడు పక్కనే కూర్చుని కట్టెలు ఎగదోస్తోంది.

చీకటి పడబోతుండగా ఎల్లాజీ ఒడ్డు వెంబడి నడుస్తుంటే అలల్లో ఏవో తేలుతూ కనిపించాయి. దగ్గరికెళ్ళి చూస్తే వల మునిగిపోకుండా కట్టే బెండ్లు. వాటికి ఎర్రగుడ్డ పీలికలు ముడివేసి ఉన్నాయి. అవి కాసులమ్మ తన చేత్తో వేసిన ముడులే. ఎల్లాజీ వాటిని అందుకోబోయాడు. కానీ ఆ వెంటనే, దూరంగా ఒడ్డున ఇంకెవరో నడిచివస్తూ కనిపించారు. వాడు గనక ఈ బెండ్లు చూసి ముందు ఊళ్ళోకి వెళ్ళిపోతే? ఎల్లాజీ కాలు ఆగలేదు. బెండ్లను ఉన్నచోటే వదిలేసి సైకిల్ ఎక్కాడు.

ఆ తర్వాతే మీరు విన్న కేక.

జనం ఏడుస్తూ దిబ్బ మీదికి వచ్చారు. ఊరిపెద్ద బండయ్య నెగడు మీద మొదటి కడవ కుమ్మరించాడు. మిగిలినవాళ్ళు తలా ఒక కడవా పోశారు. మంట బుస్సుమంది. పొగ లేచింది. ఒక్కసారిగా ఒడ్డంతా చీకటైపోయింది.

అప్పటిదాకా నెగడు పక్కనే కూలబడి ఉన్న కాసులమ్మ లేచి నిలబడింది.

“ఎల్లాజీ! పడవ మునగడం నువ్వు సూసావురా?”

“బెండ్లు సూసానత్తా. నీ ఎర్రగుడ్డలే. ఒడ్డుకి కొట్టుకొచ్చేసాయి.”

“బెండ్లు సూసావు. పడవని సూసావా?”

ఎల్లాజీ తల అడ్డంగా ఊపాడు.

“తే అవి!” అంది కాసులమ్మ.

ఎవరో పరిగెత్తి బెండ్లు తెచ్చారు. చీకట్లో ఆమెకు సరిగా కనిపించలేదు. వేళ్ళతో తాడు కొసను తడిమింది. ఇంకోసారి తడిమింది. తర్వాత గుండెలు బాదుకుంటూ అరిచింది.

“ఇది తెగిన తాడు కాదర్రా! కోసిన తాడు! నా కొడుకు కత్తితో కోసాడు!”

జనం కొయ్యబారిపోయారు. అలలు పైకొస్తే పడవ బరువు తగ్గించడానికి వలను కోసి వదిలేస్తారని గవ్వలపేటలో ఎవరికి తెలియదు? ఎల్లాజీకి మాత్రం తెలియదా? వంగి ఆ తాడు కొసను చేత్తో పట్టుకుని ఉంటే అతనికీ తెలిసేది. అంటే పడవలోవాళ్ళు బతికే ఉన్నారు. నెగడు చూసుకుంటూ ఇటే వస్తున్నారు. ఆ నెగడును ఇప్పుడే, తమ చేతులతోనే, ఆర్పేశారు.

“నిప్పు! నిప్పు తెండి!” అని బండయ్య కేకవేశాడు. అగ్గిపుల్లల మీద అగ్గిపుల్లలు గీశారు. తడిసిన కట్టెలు పొగ చిమ్మాయే గాని అంటుకోలేదు. కొత్త కట్టెల కోసం కొందరు ఇళ్ళకు పరిగెత్తారు. అవి తెచ్చేలోపు పడవ రాళ్ళమీదికి వెళ్ళిపోతే? చీకట్లో రాళ్ళను అలలు కొడుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ అందరూ ఊపిరి బిగబట్టారు. అది అలదో, పడవదో ఎవరికి తెలుసు?

ఎల్లాజీ ఇసుకలో కూలబడ్డాడు. బండయ్య అతని రెక్క పట్టుకుని లేపాడు.

“ఏడుపు తరవాత. మైకు ఏదిరా?”

బండయ్య బ్యాటరీని నెత్తిన పెట్టుకున్నాడు. ఎల్లాజీ గొట్టం ఎత్తిపట్టుకున్నాడు. ఇద్దరూ నడుంలోతు నీళ్ళలోకి దిగారు. బ్యాటరీ తడిసిందంటే ఉన్న ఆ ఒక్క ఆశా పోయినట్టే.

“గురయ్యా! ఇటు! నా గొంతు కేసి రండి! ఇటు!”

గాలి ఆ కేకను ముక్కలు చేసి పారేసింది. మళ్ళీ పిలిచాడు. ఒక అల నెత్తిమీదుగా వెళ్ళింది. బండయ్య బ్యాటరీని చేతులు చాపి పైకి ఎత్తాడు. ఎల్లాజీ ఉప్పునీళ్ళు ఉమ్మేసి మళ్ళీ పిలిచాడు. గొంతు బొంగురుపోయింది, తర్వాత చీలిపోయింది. అయినా ఆపలేదు. ఒడ్డున ఏడుస్తున్నవాళ్ళు నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకుని చెవులు రిక్కించారు.

అప్పుడు రాళ్ళవైపు నుంచి సన్నగా ఒక కేక వచ్చింది.

“ఎటూ...?”

“ఎడమకి! ఎడమకి తిప్పండి! అవి రాళ్ళు! ఇటు!”

కర్రలు విరిగినట్టు ఫెళ్ళున చప్పుడైంది. కాసులమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె కళ్ళు తెరిచేసరికి చీకట్లోంచి పడవ ముక్కు కనిపించింది. ఒక పక్క పగిలిపోయి ఉంది. మగవాళ్ళంతా నీళ్ళలోకి ఉరికి దాన్ని ఇసుక మీదికి లాగారు. ముగ్గురూ ఉన్నారు. చిన్న బావమరిది పాదం మాత్రం రాయికి నలిగి నెత్తురు కారుతోంది.

గురయ్య తల్లిని పట్టుకుని నిలబడ్డాడు. కాస్త ఊపిరి తీసుకున్నాక అడిగాడు.

“నెగడు సూసుకునే వస్తన్నామమ్మా. ఉన్నట్టుండి ఆరిపోయింది. మా పని అయిపోయిందనుకున్నాం. ఎవరార్పారు?”

ఎల్లాజీ ముందుకొచ్చాడు.

“నువ్వు సచ్చిపోయావని నేనే అనౌన్స్ చేసాను బావా.”

గురయ్య అతన్ని కిందనుంచి పైదాకా చూశాడు.

“మరి ఇటు రమ్మని పిలిసిందెవరు?”

“అదీ నేనే.”

గురయ్య కుంటుతున్న బావమరిదిని చూపించి, “ఈడ్ని నువ్వే మోసుకురా” అని ముందుకు నడిచాడు. ఎల్లాజీ అతన్ని వీపున ఎక్కించుకుని ఊళ్ళోదాకా మోశాడు.

వీధిలోకి రాగానే కాసులమ్మ ఆగింది.

“నడవలేని ముసలోళ్ళంతా ఇళ్ళలో ఏడుస్తన్నారు. ఇప్పుడు సేయరా నీ అనౌన్స్‌మెంటు!”

ఎల్లాజీ వెంటనే మైకు అందుకోలేదు. ముందు గురయ్య భుజం ముట్టుకుని చూశాడు. తర్వాత పెద్ద బావమరిది చెయ్యి పట్టుకున్నాడు. తన వీపు మీద ఉన్నవాడి మొహం వెనక్కి తిరిగి చూశాడు.

“ఏటిరా, మేం దెయ్యాలమనుకున్నావా?” అన్నాడు గురయ్య. అంత భయంలోనూ ఎవరో కిసుక్కున నవ్వారు.

“సూడకుండా సెప్పను బావా” అన్నాడు ఎల్లాజీ. అప్పుడు మైకు పెట్టి, మిగిలిన ఆ కాస్త గొంతుతో అన్నాడు: “ముగ్గురూ వచ్చారు. నేను సూసాను. అందరూ వచ్చి అన్నం తినండి.”

ఆ తర్వాత ఎల్లాజీ చేసిన ప్రతి అనౌన్స్‌మెంటూ “నేను సూసాను” అన్న మాటతోనే ముగిసేది. చూడని సంగతి ఎంత పెద్దదైనా, ఎవరు ముందు చెప్పేసినా, అతను నోరు విప్పేవాడు కాదు.

ఆ రాత్రి కాసులమ్మ వాకిట్లో చాపలు పరిచారు. ఎవరింట్లో చల్లారిన కుండలు వాళ్ళు పట్టుకొచ్చారు. చల్లటి అన్నం, ఎండుచేపల పులుసు. ఎల్లాజీ దూరంగా గోడవార నిలబడిపోతే, “రారా దండోరా!” అని పిలిచి కాసులమ్మ తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ పేరు విని అతను ఈసారి అలగలేదు. మధ్యాహ్నం నుంచి పస్తున్న ఊరంతా అప్పుడు కలిసి కూర్చుని మొదటి ముద్ద నోట పెట్టుకుంది.

నీతి: చాటింపు అన్నా, ప్రకటన అన్నా, అనౌన్స్‌మెంటు అన్నా, నిజమని తేల్చుకున్నాకే కబురు పదిమందికీ చెప్పాలి, ముందుగా చెప్పాలనే తొందర బతికున్నవాళ్ళ ప్రాణం మీదికి తెస్తుంది.