దొందుచేప పట్టిన రాయి

ఒకప్పుడు, సముద్రం ఇంకా ఇంత ఉప్పెక్కని రోజుల్లో, చిటికెనవేలంత దొందుచేప కూడా మిగతా చేపల్లాగే ఉండేది. కళ్ళు తలకు చెరో పక్క. పొట్ట కింద రెండు రెక్కలు, దేనికది విడిగా. కడుపులో ఓ గాలితిత్తి. తిత్తి ఉబ్బితే పైకి తేలేది, తగ్గితే కిందికి దిగేది.

ఒడ్డు దగ్గరి రాళ్ళ సందులో పోలయ్య, నూకాలు అనే దొందులు కాపురం ఉండేవి. పోలయ్యకు మతిమరుపు. తిన్నది మరచిపోయి మళ్ళీ తినేవాడు. తినకుండానే తిన్నాననుకుని పస్తు పడుకునేవాడు.

నూకాలు ఒక రాతి మీద, బోర్లించిన చిప్ప కింద గుడ్లు పెట్టింది. గుడ్లు పెట్టాక ఆడది మేతకు పోతుంది, మగవాడు తోకతో నీళ్ళు విసురుతూ కాపలా కాస్తాడు. అది దొందుల ఆనవాయితీ.

"పోటుతో వెళ్ళి పాటుతో వచ్చేస్తా. నీ మతి నీ దగ్గరుంచుకో మావా!" అంది నూకాలు.

"నీ పేరైనా మరచిపోతానేమో గానీ, గుడ్లు మరచిపోతానేటి?" అన్నాడు పోలయ్య.

పోటు వచ్చి నీళ్ళు పొంగాయి, పాటు వచ్చి నీళ్ళు వెనక్కి తీశాయి. నూకాలు రాలేదు. పైనుంచి నూకాలు మీదికి వల దిగడం, పక్క సందులో ఉండే పీతతాత చూశాడు. చూసి కూడా చెప్పలేకపోయాడు.

రెండోనాటికి పోలయ్యకు కడుపు మాడిపోయింది. పైన నురగలో నెత్తళ్ళనే చిరుచేపలు మేత మేస్తున్నాయి. తనూ ఒక్క ముద్ద తిని వచ్చేద్దామనుకున్నాడు. కానీ చుట్టూ ఉన్న చిప్పలన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తన చిప్ప పక్కన ఎర్రటి చుక్కచేప ఒకటి అయిదు చేతులూ చాచుకుని కదలకుండా పడి ఉంది. "ఇదే గుర్తు" అనుకుని పైకి తేలాడు.

దిగి వచ్చేసరికి చుక్కచేప అక్కడ లేదు. ఏ చిప్ప కింద తొంగిచూసినా ఖాళీయే.

"తాతా! ఎర్ర చుక్కచేపని చూశావా? నా గుడ్లు దాని పక్కనే!"

"ఓరి వెర్రినాయనా! నడిచేదాన్ని గుర్తు పెట్టుకుంటారట్రా? దాని కడుపు కిందంతా కాళ్ళే!"

వెతగ్గా వెతగ్గా చుక్కచేప కనిపించింది. పోలయ్య చిప్ప కిందకే దూరి, సగం గుడ్లు మింగేసింది. గుర్తుగా పెట్టుకున్నదే దొంగ అయింది. పోలయ్య కరిచి, కుమ్మి, దాన్ని తరిమేశాడు.

"ఊరుకోరా, సగం మిగిలాయి కదా" అన్నాడు పీతతాత.

"రేపు మళ్ళీ మరచిపోతే? నా బుర్రని నేనింక నమ్మను తాతా. నీ డెక్కతో నా గాలితిత్తి పొడిచెయ్."

"ఇంక ఈ జన్మలో తేలలేవురా!"

"తేలబట్టే కదా పోగొట్టుకున్నాను."

తాత కళ్ళు మూసుకుని పొడిచాడు. ఒకే ఒక్క బుడగ పైకి పోయి పగిలింది.

పోలయ్య పొట్ట కింది రెండు రెక్కలనూ, చేతులు జోడించినట్టు జోడించి, చిప్ప పక్కన రాతికి అదిమిపెట్టాడు. అలలు గుంజాయి. వదల్లేదు. వదలక వదలక ఆ రెండూ కలిసి చిన్న దొప్పలా అతుక్కుపోయాయి. నూకాలు వస్తే పైనుంచే రావాలని పైకే చూశాడు. చూసి చూసి కళ్ళు నడినెత్తికి పాకిపోయాయి.

ఒకనాటికి గుడ్లు పగిలాయి. గాజుముక్కల్లాంటి పిల్లలు అలతో పాటే కొట్టుకుపోతున్నాయి. ఆఖరి పిల్ల ఒక్క క్షణం ఆగింది.

"నాయనా, నువ్వు రావా? ఆ రాయినెందుకు పట్టుకున్నావు?"

పోలయ్య చిప్ప వైపు చూశాడు. చిప్ప ఖాళీగా ఉంది. పైనుంచి రావలసింది ఎవరో, ఆ పేరూ గుర్తు రాలేదు.

"ఏమోనమ్మా. వదలకూడదని మాత్రం తెలుసు" అన్నాడు.

అప్పటినుంచే దొందుచేప పొట్ట కింది రెక్కలు రెండూ ఒక్క దొప్పగా కలిసిపోయాయి. అప్పటినుంచే దాని కళ్ళు నెత్తిమీదికి చేరాయి. ఈనాటికీ అది నీళ్ళలో తేలదు. ఎంత అల వచ్చినా, పైకి చూస్తూ, రాయిని పట్టుకునే ఉంటుంది.