సున్నంలో బూడిద

అనగా అనగా ఒక ఏటి లంక. పేరు పూసలంక. ఏటేటా వరద వచ్చి ఇళ్ళను ఊడ్చుకుపోయేది. ఆ గోడు విని సముద్రం అవతలి ద్వీపపు రాజు జాలిపడ్డాడు. రాతికట్ట కట్టుకోమని ఓడల నిండా సున్నం పంపాడు.

పని చూసే పేష్కారు గవరయ్య సగం సున్నం అమ్ముకుని, ఆ లోటుకు బూడిద కలిపించాడు. సున్నం గానుగ దగ్గర కూలి చేసే నూకాలు అది చూసింది. నలుగురికీ చెప్పింది. ఎవరూ వినలేదు. కట్ట తెగింది.

రాజు ఒక తనిఖీదారును పంపాడు. ఆయన పేష్కారు ఇంట విందు తిని, పని భేషుగ్గా ఉందని వెళ్ళిపోయాడు. కట్ట మళ్ళీ తెగింది. రెండో ఆయన వచ్చాడు. వెల్లవేసి ఉంచిన పది బారల మేర నడిచి, ఓడెక్కేశాడు. మళ్ళీ తెగింది.

మూడో ఆయన నిజాయితీపరుడే. కాని ఇక్కడి భాష రాదు.

"ఇది సున్నం కాదు బాబూ, బూడిద," అంది నూకాలు.

"ఏమంటోంది?" అని ఆయన పేష్కారును అడిగాడు.

"తమ రాజుగారు చల్లగా ఉండాలంటోంది," అన్నాడు పేష్కారు.

ఆ ఏడాది వరదలో నూకాలు ఇల్లు పోయింది. చెల్లెలూ పోయింది. ఇక ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. సున్నం వస్తూనే ఉంది, బూడిద కలుస్తూనే ఉంది.

రెండేళ్ళకు ఆ మూడో ఆయనే తిరిగొచ్చాడు. ఈసారి భాష నేర్చుకుని వచ్చాడు. నేరుగా గానుగ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, ఆ రోజు నువ్వేమన్నావు?" అని అడిగాడు.

నూకాలు గంపలోంచి ఒక గుప్పెడు తీసి ఆయన చేతిలో పోసింది. "బూడిదన్నాను," అంది.

ఆయన తల దించుకున్నాడు. "పేష్కారును తీసేయిస్తాను. ఇంకా గట్టి తనిఖీదారును పంపిస్తాను."

"వద్దు బాబూ. మీరు ఓడెక్కాక ఇంకో పేష్కారు వస్తాడు. మునిగేది మేము. సున్నం మమ్మల్నే చూసుకోనివ్వండి. బాగోకపోతే వెనక్కి పంపే అధికారం ఇవ్వండి."

ఇచ్చారు. పేష్కారు కొలువు ఊడింది. ఇంటికొకరు వంతులవారీగా గానుగ దగ్గర కాపలా కూర్చున్నారు. అదీ తేలిక కాలేదు. నూకాలు చెల్లెలి కొడుకే ఒకనాడు కొంత సున్నం అమ్ముకుని, బూడిద కలుపుతూ దొరికిపోయాడు.

"పెద్దమ్మా, ఈ ఒక్కసారికి చూడనట్టు ఊరుకో."

ఆమెకు అరిచే శక్తి కూడా లేదు. "మీ అమ్మ ఎలా పోయిందో మర్చిపోయావట్రా?" అని, గంపలన్నీ ఏట్లో పారబోయించింది.

వరద వచ్చింది. మూడు రోజులు కట్టను బాదింది. నాలుగో రోజు తగ్గింది. కట్ట నిలిచింది. ఊరంతా గంతులేసింది. నూకాలు మాత్రం కట్ట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, "రేపు కాపలా వంతు ఎవరిది?" అని అడిగింది.

అందుకే పిల్లలూ, సాయం ఎంత దూరం నుంచి వచ్చినా, అందులో మోసం జరిగితే మునిగేదెవరో, దాన్ని కాచుకునే అధికారం వాళ్ళ చేతిలోనే ఉండాలి.